కథ బరువు మోసిన నటుడు: ఎస్.వి. రంగారావు చిత్రజీవితం
(స్మారకోపన్యాస పాఠం)

సామర్ల వెంకట రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రి కోటేశ్వరరావు ఎక్సైజు శాఖ ఉద్యోగి. ఆయనకు బదిలీల ఉద్యోగం కావడంతో రంగారావు బాల్యం నాయనమ్మ పెంపకంలో మద్రాసులో గడిచింది. చదివింది తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలు. ఇంటర్మీడియట్ విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాలలోనూ, బి.ఎస్సి. కాకినాడ పి.ఆర్. కళాశాలలోనూ పూర్తిచేశారు. కాకినాడలో చదువుతో పాటు నాటకం కూడా సాగింది. అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఆ రోజుల్లో పేరున్న నాటక సమాజం. అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు ఆ వాతావరణం నుంచి వచ్చినవాళ్ళే. రంగారావు తెలుగు నాటకాల్లోనే గాక షేక్‌స్పియర్ నాటకాల్లో ఇంగ్లీషు వేషాలు కూడా కట్టారు. మద్రాసు బడి ఆయనకు తమిళాన్ని నోటికి పట్టించింది. కాకినాడ రంగస్థలం మాటను ఎక్కడ నిలపాలో, ఎక్కడ విడవాలో నేర్పింది. ఈ రెండూ లేకపోతే ఆయన చిత్రజీవితం మరోలా ఉండేది.

డిగ్రీ తర్వాత అగ్నిమాపక శాఖలో శిక్షణ పొంది బందరు, విజయనగరాల్లో ఫైర్ ఆఫీసరుగా పనిచేశారు. దూరపు బంధువైన దర్శకుడు బి.వి. రామానందం ‘వరూధిని’ చిత్రానికి పిలవడంతో ఆ ఉద్యోగం వదిలి తెర మీదికి వచ్చారు. పెద్దన మనుచరిత్రలోని ప్రవరాఖ్యుడి పాత్ర, సరసన దాసరి తిలకం. అంటే తెలుగు తెర మీద తర్వాతి కాలంలో మాంత్రికులకూ రాక్షసులకూ పెట్టింది పేరైన ఈ నటుడు మొదట అడుగుపెట్టింది కథానాయకుడిగా, అదీ నిష్ఠాగరిష్ఠుడైన బ్రాహ్మణ యువకుడిగా. 1947 ఆరంభంలో విడుదలైన ఆ సినిమా ఆడలేదు. వెంటనే మరో అవకాశం రాలేదు. రంగారావు జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. అక్కడి తెలుగువాళ్ళ మధ్య నాటకాలు వేస్తూ ఉండిపోయారు. మొదటి సినిమా పోయిన తర్వాత ఉద్యోగానికి తిరిగి వెళ్ళిన నటులు ఎందరో ఉన్నారు. వాళ్ళలో మళ్ళీ వచ్చి నిలబడ్డవాళ్ళు తక్కువ.

ఆయనను వెనక్కు పిలిచింది దర్శకుడు బి.ఏ. సుబ్బారావు. ‘పల్లెటూరి పిల్ల’లో ప్రతినాయక పాత్ర ఇస్తామని కబురు వచ్చింది. సరిగ్గా అప్పుడే తండ్రి మరణించారు. కర్మకాండలు ముగించుకొని మద్రాసు చేరేసరికి ఆ పాత్ర మరొకరికి వెళ్ళిపోయింది. ఆయనకు మిగిలింది చిన్న వేషం. 1949లో వచ్చిన ‘మనదేశం’లోనూ చిన్న వేషమే. ఎన్.టి. రామారావుకు అది మొదటి సినిమా. పెద్ద పాత్ర చేజారిందని కోపగించుకోకుండా చిన్న వేషాలే వేసుకుంటూ మద్రాసులో నిలిచి ఉండటం ఆయన చేసిన మంచి పని. దాని ఫలితం మరుసటి ఏడాదే కనిపించింది.

1950లో నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థ పేరుతో తీసిన మొదటి చిత్రం ‘షావుకారు’. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. ఇరుగుపొరుగు కుటుంబాల మధ్య డబ్బు పెట్టిన చిచ్చు ఆ కథ. గోవిందరాజుల సుబ్బారావు షావుకారు చెంగయ్య. అందులో సున్నపు రంగడనే ఊరి రౌడీ పాత్ర రంగారావుది. ఆ కాలపు తెర మీద దుర్మార్గుడు రాగానే వికటంగా నవ్వడం, మీసం తిప్పడం, కళ్ళు ఉరమడం రివాజు. రంగడు అలా చేయడు. ప్రతి ఊళ్ళోనూ సంతలోనో, కల్లు దుకాణం దగ్గరో కనబడే మనిషిలా ఉంటాడు. మాటలో మొరటుతనం ఉంది, నడకలో నిర్లక్ష్యం ఉంది, అంతే. ఆ పాత్ర చూసిన విజయావాళ్ళు తమ రెండో సినిమాలో కథకు ఇరుసైన పాత్రను ఆయన చేతిలో పెట్టారు.

అది 1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళ భైరవి’. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం, ఘంటసాల సంగీతం. తోటరాముడిగా రామారావు, నేపాళ మాంత్రికుడిగా రంగారావు. అప్పటికి రంగారావు వయసు 32.

ఈ పాత్ర ఘనత తెలియాలంటే అంతకు ముందు మన పల్లెల్లో క్రూర పాత్రలు ఎలా ఆడేవారో గుర్తుచేసుకోవాలి. పాన్‌గల్, వనపర్తి, గద్వాల ప్రాంతాలు అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలోని మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఉన్నాయి. పాలమూరు పల్లెల్లో కథ చూడటమంటే చిందు యక్షగానం, బాగోతం, తోలుబొమ్మలాట. హిరణ్యకశిపుడి వేషగాడు చెక్క కిరీటం, భుజకీర్తులు కట్టి, తాళానికి అడుగు వేస్తూ దర్బారులోకి వస్తాడు. మైకు లేని చోట ఊరంతటికీ వినిపించాలి కాబట్టి గొంతు పెంచక తప్పదు. దివిటీల వెలుగులో చివరి వరసకు కనిపించాలి కాబట్టి చేతులు బారచాచక తప్పదు. అది ఆ కళకు సహజమైన ధర్మం, ఆ కళాకారుల లోపం ఎంతమాత్రం కాదు. అయితే తొలినాటి తెలుగు టాకీలు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు కెమెరా ముందుకు తెచ్చాయి. కంసుడు, యముడు వంటి పాత్రలతో జనాన్ని గడగడలాడించిన వేమూరి గగ్గయ్య గొప్ప నటుడు, గొప్ప గాయకుడు. ఆయన క్రౌర్యమంతా పద్యంలోనూ రాగంలోనూ పలికేది.

నేపాళ మాంత్రికుడు పద్యాల మనిషి కాదు. ఆకర్షించి, నమ్మించి, బలి ఇవ్వాలని వచ్చినవాడు. అందుకే రంగారావు గొంతులో బెదిరింపు కన్నా లాలింపు ఎక్కువ. ‘డింభకా’ అన్న పిలుపులో గురువు వాత్సల్యం, కసాయి లెక్క రెండూ వినిపిస్తాయి. చెంత ఉన్న శిష్యుడు సదాజపుడితో మాట్లాడేటప్పుడు ఒక స్వరం, రాముడిని ఊరించేటప్పుడు మరొకటి, పాతాళ భైరవి ఎదుట ఇంకొకటి. గడ్డం, పొడవాటి అంగీ, కనుబొమలు ముఖాన్ని సగం కప్పేసినా కళ్ళు ఆడుతూనే ఉంటాయి. కథానాయకుడు ఎంత సాహసవంతుడో తేలాలంటే ఎదుటివాడు అంత ప్రమాదకరంగా ఉండాలి. తోటరాముడి సాహసాన్ని జనం నమ్మారంటే ఆ నమ్మకంలో సగం పాలు మాంత్రికుడిది. 1952లో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు. రంగారావుకు ఆ తర్వాత వెనుదిరిగి చూసుకోవలసిన అవసరం రాలేదు.

విజయా, వాహినీ వంటి సంస్థలు ఆ రోజుల్లో ఒకే సెట్టు మీద తెలుగు, తమిళ చిత్రాలు జంటగా తీసేవి. ఈ పద్ధతిలో ఒక విశేషం ఉంది. భాష మారినప్పుడు కథానాయకుడు మారేవాడు, రంగారావు మారేవారు కాదు. 1955 ‘మిస్సమ్మ’లో రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వేసిన పాత్రలు తమిళ ‘మిస్సియమ్మ’లో జెమినీ గణేశన్, తంగవేలు వేశారు. జమీందారు గోపాలం మాత్రం రెండింటిలోనూ రంగారావే. ‘మాయాబజార్’ తమిళంలో అభిమన్యుడు మారాడు, లక్ష్మణ కుమారుడు మారాడు, బలరాముడు మారాడు. ఘటోత్కచుడు మారలేదు. 1963లో ఏ.వి.ఎం. వారు తమిళంలో ‘నానుం ఒరు పెణ్’ తీశారు. హిందీలో అది ‘మై భీ లడ్కీ హూఁ’ అయింది, తెలుగులో ‘నాదీ ఆడజన్మే’. మూడింటిలోనూ రంగారావు ఉన్నారు. ‘పడిక్కాద మేదై’లో శివాజీ గణేశన్ చేసిన సేవకుడి పాత్ర తెలుగు ‘ఆత్మబంధువు’లో రామారావుకు వచ్చింది. ఆ సేవకుడు కన్నబిడ్డ కన్నా మిన్నగా చూసుకునే ఇంటిపెద్ద పాత్ర రెండు భాషల్లోనూ రంగారావుదే. దీన్నిబట్టి నిర్మాతల అంచనా స్పష్టం. కథానాయకుడి స్థానంలో ఏ భాషకు ఆ భాషలో జనం మెచ్చినవాణ్ణి పెట్టుకోవచ్చు. కథ నిలబడే పాత్రకు మాత్రం ఈయనే కావాలి. తమిళుల్లో ఆయన తెలుగు నటుడిగా కన్నా తమ ఇంటి పెద్దమనిషిగానే గుర్తుండిపోయారు.

మాంత్రికుడి విజయం తర్వాత అదే తరహా వేషాలు వేసుకుంటూ పోతే ఆయనకు డబ్బుకూ పేరుకూ లోటుండేది కాదు. అలా జరగకుండా ఆపినవారిలో ముఖ్యుడు దర్శకుడు బి.ఎన్. రెడ్డి. 1955లో వచ్చిన ‘బంగారు పాప’ కథకు ఆధారం ఇంగ్లీషు రచయిత్రి జార్జ్ ఎలియట్ నవల ‘సైలస్ మార్నర్’. పాలగుమ్మి పద్మరాజు రచన, దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు. చేయని నేరానికి శిక్ష అనుభవించి, లోకం మీద కక్షతో తిరిగివచ్చిన కోటయ్యకు ఒక తుఫాను రాత్రి పసిబిడ్డ దొరుకుతుంది. ఆ బిడ్డను పెంచుతూ అతడు మెల్లగా మనిషవుతాడు. ఈ కథలో కోటయ్య విలనూ కాదు, హాస్యగాడూ కాదు, మామూలు అర్థంలో నాయకుడూ కాదు. నాయిక కృష్ణకుమారి, నాయకుడు జగ్గయ్య. అయినా సినిమా కోటయ్యది. ఒక గుణచిత్ర నటుణ్ణి మధ్యలో నిలబెట్టి కథ మొత్తాన్ని ఆయన చుట్టూ అల్లడం తెలుగు నిర్మాతకు అప్పట్లో సాహసమే.

కోటయ్యలో రంగారావు చేసిన పని శిల్పం చెక్కినంత ఓపికతో చేసిన పని. మొదట్లో ఆ మనిషి ఒళ్ళంతా బిగుసుకొని ఉంటుంది. తల వంచి కింద నుంచి చూస్తాడు. ఎవరు పలకరించినా ముక్తసరి జవాబే. బిడ్డ చేతికొచ్చాక ఆ మార్పు ఒక్కసారిగా రాదు. ముందు చేతులు మెత్తబడతాయి, తర్వాత గొంతు, చిట్టచివర కళ్ళు. పెంచిన పిల్ల దూరమవుతుందన్న భయం వచ్చినప్పుడు పాత బిగువు మళ్ళీ తొంగిచూస్తుంది. ఒకే మనిషిలోని ఇన్ని పొరలను అరుపు లేకుండా, కన్నీటి వరదలు లేకుండా చూపగలగడం ఆనాటి తెలుగు తెరకు కొత్త. ‘నర్తనశాల’ కీచకుడికీ ‘మాయాబజార్’ ఘటోత్కచుడికీ ఉన్న ప్రఖ్యాతి కోటయ్యకు లేదు. రంగారావు నటనకు కొలమానం పెట్టవలసి వస్తే మాత్రం ముందు చూడవలసింది ఈ పాత్రనే.

తండ్రులు, తాతలు, జమీందారులు, ఉమ్మడి కుటుంబ పెద్దలు ఆయన వేసిన పాత్రల్లో లెక్కకు ఎక్కువ. 1953 ‘దేవదాసు’లో దేవదాసు తండ్రి. 1957 ‘తోడికోడళ్ళు’లో కుటుంబరావు. 1962 ‘గుండమ్మ కథ’లో రామారావుకూ నాగేశ్వరరావుకూ తండ్రి. రామారావు 1923లో పుట్టారు. తన కన్నా 5 ఏళ్ళు మాత్రమే చిన్నవాడైన నటుడికి తండ్రిగా కనిపించి, ఒక్క ప్రేక్షకుడికీ అనుమానం రాకుండా చూసుకోవడం జుట్టుకు రంగు వేసినంత మాత్రాన అయ్యే పని కాదు. కుర్చీలో కూర్చునే తీరు, కండువా సర్దుకునే తీరు, కొడుకు మాట వింటూ జవాబు చెప్పడానికి తీసుకునే వ్యవధి, వీటితో వయసు తెచ్చుకునేవారు. ‘మిస్సమ్మ’ జమీందారులో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. తప్పిపోయిన పెద్ద కూతురి దిగులు లోపల ఉంచుకొని, పైకి సందడిగా, కాస్త అమాయకంగా కనిపించే ఆ పెద్దమనిషిని చూసి జనం నవ్వుకున్నారు, ప్రేమించారు. ఆ పాత్ర చేసేనాటికి ఆయనకు 37 ఏళ్ళు నిండలేదు.

1957 మార్చి 27న ‘మాయాబజార్’ విడుదలైంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి 5 నెలలు కూడా కాలేదు. ‘పాతాళ భైరవి’ని హైదరాబాద్ రాష్ట్ర ప్రజలుగా చూసిన పాలమూరు జనం ‘మాయాబజార్’ను కొత్త రాష్ట్రంలో చూశారు. శశిరేఖా పరిణయ కథ సురభి నాటకాల ద్వారా, పల్లె ప్రదర్శనల ద్వారా అందరికీ తెలిసిందే. తెలిసిన కథను కె.వి. రెడ్డి, పింగళి కొత్తగా చెప్పారు. ఆ కొత్తదనానికి ప్రాణం ఘటోత్కచుడు.

రాక్షసుడు ఇంటి మనిషిగా మారడం ఈ పాత్రలోని అందం. అడవిలో తమ హద్దు దాటి వచ్చారని సుభద్రాభిమన్యుల మీద విరుచుకుపడ్డ ఘటోత్కచుడు, వాళ్ళు తనవాళ్ళేనని తెలిసిన క్షణంలో కరిగిపోతాడు. ఆ భారీ విగ్రహం పినతల్లి ముందు తప్పు చేసిన కుర్రాడిలా నిలబడుతుంది. అక్కడి నుంచి చివరిదాకా అతడి బలమంతా తమ్ముడి పెళ్ళి కోసమే. గద భుజాన వేసుకున్న ఠీవి, తల్లి హిడింబి దగ్గర గారాబం, చినమయ శిష్యబృందంతో చనువు, ఇవన్నీ ఒకే మనిషివి అనిపించడంలో రంగారావు నేర్పు ఉంది. పెళ్ళివారి విందు తినే ఘట్టంలో బార్ట్లీ కెమెరా మాయలు, మాధవపెద్ది సత్యం గొంతు, రంగారావు ముఖం కలిసి చేసిన అద్భుతం అందరికీ తెలుసు. గమనించవలసింది ఆ తిండిలో ఏ అసహ్యమూ లేకపోవడం. రాక్షసుడు తింటున్నాడని భయం కలగదు, ఆకలి గల మనిషి ఆనందంగా తింటున్నాడని ముచ్చట కలుగుతుంది.

ఇక్కడ బ్రిటిష్ నటుడు చార్లెస్ లాటన్ తలపుకు వస్తారు. 1933 చిత్రం ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’లో రాజు వేషం వేసి ఉత్తమ నటుడిగా ఆస్కార్ పొందారు. ఆ సినిమాలో రాజు కోడిని చేతులతో చీల్చుకొని తినే దృశ్యం ప్రపంచమంతా చెప్పుకున్నది. లాటన్ కూడా భారీ మనిషి. నాజూకు అందం లేకపోయినా పాత్ర బలంతో సినిమాను తన వైపు తిప్పుకున్నవాడు. ఇద్దరిలోనూ తిండి పాత్ర స్వభావాన్ని చెబుతుంది. లాటన్ రాజులో అది అధికారమదం. రంగారావు ఘటోత్కచుడిలో అది పసితనం.

అదే సినిమాలో రంగారావు నటనకు ఇంకో నిదర్శనం ఉంది, అదీ ఆయన తెర మీద లేనప్పుడు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక ఆ పాత్ర సావిత్రి చేస్తారు. నాజూకైన రాకుమారి హఠాత్తుగా రొమ్ము విరుచుకొని అంగలు వేస్తుంది, కనుబొమ ఎగరేస్తుంది, గుర్తురాగానే సిగ్గు నటిస్తుంది. సావిత్రి అనుకరిస్తున్నది రాక్షసుణ్ణి కాదు, రంగారావును. జనం ఆ హావభావాలను చూడగానే గుర్తుపట్టి నవ్వారంటే ఘటోత్కచుడి నడక, చూపు అప్పటికే అందరి మనసుల్లో ముద్రపడ్డాయని అర్థం. సావిత్రి ప్రతిభ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆమె అనుకరించడానికి అంత స్పష్టమైన మూర్తి ముందు ఉండటం రంగారావు పుణ్యం.

చారిత్రక పాత్రల్లో 1955 ‘అనార్కలి’లోని అక్బరు, 1964 ‘బొబ్బిలి యుద్ధం’లోని తాండ్ర పాపారాయుడు చెప్పుకోదగ్గవి. కన్నప్రేమకూ సింహాసనానికీ మధ్య నలిగిన తండ్రి అక్బరు. పాపారాయుడిది సాటిలేని కోపం. ఉత్తరాంధ్ర జానపదుల నోళ్ళలో నానే ఆ వీరుడికి తెర మీద ఒక ముఖం ఏర్పడింది రంగారావు వల్లే.

పౌరాణిక ప్రతినాయకుల్లో నరకాసురుడు, దుర్యోధనుడు, రావణుడు, హిరణ్యకశిపుడు, కంసుడు, అందరూ ఆయన చేతి మీదుగా వెళ్ళినవారే. వీళ్ళందరిలో ముందు చెప్పవలసినవాడు కీచకుడు. 1963 అక్టోబరు 11న విడుదలైన ‘నర్తనశాల’ రాజ్యం సంస్థ చిత్రం. నిర్మాతలు లక్ష్మీరాజ్యం, శ్రీధరరావు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, రచయిత సముద్రాల రాఘవాచార్య. బృహన్నలగా రామారావు, సైరంధ్రిగా సావిత్రి, భీముడిగా దండమూడి రాజగోపాలరావు. దక్షిణ భారతంలో తయారైన మొదటి మూకీ కథాచిత్రం కూడా కీచకుడి కథే. నటరాజ ముదలియారు మద్రాసులో 1910ల చివర ‘కీచక వధం’ తీశారు. అంత పాత కథ ఇది.

కీచకుడు విరాటుడి బావమరది, రాజ్యానికి సేనాని. రాజు పేరుకే రాజు, బలం కీచకుడిది. ఈ సంగతి రంగారావు ఒక్క మాట కూడా అవసరం లేకుండా చెప్పారు. కొలువులో ఆయన నిలబడే తీరు చూస్తే ఆ సింహాసనం ఎవరి దయ మీద నిలిచి ఉందో తెలిసిపోతుంది. అంతటి బలవంతుడు ఒక దాసిని చూసి మతి చలించడం కథ. దీన్ని వట్టి కాముకత్వంగా చేస్తే కీచకుడు నీచుడై తేలిపోతాడు, సైరంధ్రి ఆపద చిన్నదైపోతుంది. రంగారావు కీచకుడికి లేనిదల్లా కాదనిపించుకున్న అనుభవం. కోరింది దొరకడమే తెలిసినవాడికి మొదటిసారి కాదన్న మాట ఎదురైతే కలిగే విస్మయం ముందు, కోపం తర్వాత వస్తాయి. అక్క సుదేష్ణ దగ్గర మారాం చేస్తాడు, బెదిరిస్తాడు, మళ్ళీ బతిమాలతాడు. గొంతు ఎక్కడా అనవసరంగా లేవదు. కనురెప్ప బరువుగా వాలి, సగం మూసిన కళ్ళతో సైరంధ్రిని చూసే చూపులో మదం, మోహం రెండూ ఉన్నాయి. ఆ చూపుకు సావిత్రి ముఖంలో కలిగే జుగుప్స చూస్తే రెండు వైపులా ఎంత గొప్ప నటన సాగిందో తెలుస్తుంది. నాయకుడిది ఆడవేషం, భీముడిది వంటవాడి వేషం, ద్రౌపదిది దాసి వేషం. ముగ్గురూ తమ శక్తిని దాచుకోవలసినవాళ్ళు. కాబట్టి కథను ముందుకు నడిపే శక్తి అంతా కీచకుడి నుంచే రావాలి. ఆ భారం రంగారావు ఒక్కరే మోశారు.

1964లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఈ పాత్రకు ఆయన ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు. ఉత్తమ కళాదర్శకత్వ పురస్కారం కూడా ‘నర్తనశాల’కే, టి.వి.ఎస్. శర్మకు దక్కింది. రామాయణ, మహాభారతాలు తోలుబొమ్మల్లో, నృత్యనాటకాల్లో జీవించే దేశం ఇండోనేషియా. కీచకుడెవరో ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేని చోట ఆ పాత్రకు గుర్తింపు రావడం విశేషం.

1967లో ఏ.వి.ఎం. వారి ‘భక్త ప్రహ్లాద’లో హిరణ్యకశిపుడి పాత్ర వచ్చింది. తెలుగు టాకీ చరిత్ర ఈ కథతోనే మొదలైంది. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి ‘భక్త ప్రహ్లాద’లో మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. 1942లో చిత్రపు నారాయణమూర్తి తీసినదానిలో వేమూరి గగ్గయ్య. 1967 చిత్రానికీ దర్శకుడు చిత్రపు నారాయణమూర్తే. ఒకే దర్శకుడు పాతికేళ్ళ ఎడంతో ఒకే పాత్రను ఇద్దరు నటుల చేత చేయించారు. గగ్గయ్య పద్ధతి ఆనాటి నాటక సంప్రదాయానికి శిఖరం. రంగారావు పద్ధతి వేరు. ఆయన హిరణ్యకశిపుడిలో మొదట కనిపించేది తండ్రి. బాల ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణిని ఒళ్ళో కూర్చోబెట్టుకునేటప్పుడు ఆ ముఖంలో ఉన్నది నిజమైన మురిపెం. కొడుకు నోట శత్రువు పేరు వినగానే ఆ మురిపెం గాయమవుతుంది, గాయం క్రోధమవుతుంది. శిక్ష వేస్తున్నప్పుడు కూడా బిడ్డ లొంగిపోతే బాగుండునన్న ఆశ కళ్ళలో మెదులుతూనే ఉంటుంది. ఇంటింటి తండ్రుల పాత్రలు ఏళ్ళ తరబడి వేసిన అనుభవమే ఈ రాక్షసరాజుకు ప్రాణం పోసింది. పౌరాణికాలకూ సాంఘికాలకూ నటన వేరువేరుగా ఉండాలన్న భ్రమను ఈ పాత్ర తొలగిస్తుంది.

ఆ కాలంలోనే ఆయన సొంత సంస్థ పెట్టి దర్శకత్వం చేపట్టారు. 1967లో ‘చదరంగం’, 1968లో ‘బాంధవ్యాలు’. మొదటిదానికి రజత నంది, రెండోదానికి బంగారు నంది వచ్చాయి. ‘బాంధవ్యాలు’కు మూలం తమిళ ‘కణ్ కండ దైవం’. అందులోనూ ఆయనే నటించారు. అన్నదమ్ములు, పొలం, పంపకం, తిరిగి కలుసుకోవడం ఆ కథ. నటి లక్ష్మికి తెలుగులో అది మొదటి చిత్రం. దర్శకుడిగా రంగారావుది ఆర్భాటం లేని తీరు. అయినా ఆయన మళ్ళీ దర్శకత్వం వైపు వెళ్ళలేదు. చార్లెస్ లాటన్ అయితే ఒకే ఒక సినిమాకు దర్శకత్వం వహించి ఊరుకున్నారు. నటులుగా ఇద్దరికీ తీరిక లేకపోవడం ప్రేక్షకులకు ఒక రకంగా లాభం, మరో రకంగా నష్టం.

1970ల్లోనూ అవకాశాలకు కొదవ లేదు. బాపు ‘సంపూర్ణ రామాయణం’లో రావణుడు. దాసరి నారాయణరావు దర్శకుడిగా తొలి చిత్రం ‘తాత మనవడు’లో తాత, మనవడు రాజబాబు. హాస్యనటుడిని, గుణచిత్ర నటుణ్ణి ముందు పెట్టి తీసిన ఆ సినిమా ఘనవిజయం సాధించింది. ఒక కొత్త దర్శకుడు తన మొదటి సినిమా బరువును ఆయన భుజాల మీద పెట్టగలిగాడంటే, ‘షావుకారు’ నాటి నుంచి 20 ఏళ్ళు దాటినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదన్నమాట. నటన గాక ఆయనకు రచన మీద కూడా ఆసక్తి ఉండేది. పత్రికల్లో కథలు రాశారు.

1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో రంగారావు కన్నుమూశారు. అప్పటికి 56 ఏళ్ళు. కంసుడిగా నటించిన ‘యశోదకృష్ణ’ ఆయన మరణానంతరం 1975లో విడుదలైంది. భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంగా 2013 మే 3న తపాలా శాఖ 50 మంది సినీ ప్రముఖుల బిళ్ళలు వేసింది, వారిలో రంగారావు ఒకరు. బతికుండగా పద్మ పురస్కారం ఏదీ రాలేదు. ఇది దేశం చేసిన పొరపాటు, చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇవాళ రంగారావు నటన ఎక్కువమందికి ముక్కలుగానే అందుతున్నది. మాంత్రికుడి పిలుపు ఒకటి, విందు పాట ఒకటి, కీచకుడి చూపు ఒకటి. ఆ ముక్కలు గొప్పవే గాని, ఆయన పని రెండున్నర, మూడు గంటల కథలో మెట్టు మెట్టుగా సాగే పని. పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ వేషం కట్టే కళాకారులు, నాటకాలు ఆడే విద్యార్థులు, సినిమాకు వెళ్ళాలనుకునే యువకులు ‘బంగారు పాప’ను, ‘నర్తనశాల’ను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా చూడాలి. కళాశాలలు, గ్రంథాలయాలు ఏడాదికొకసారైనా జూలైలో ఈ చిత్రాలను ప్రదర్శించాలి.